ఐవీ లైన్‌కు ప్రత్యేక టీమ్: హైదరాబాద్‌లో మా ఆసుపత్రి కేస్ స్టడీ

మా డ్యూటీ డాక్టర్ల గదిలో ఫోన్ పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. రాత్రి ఏ వార్డు నుంచి ఫోన్ వచ్చింది, ఎందుకు వచ్చింది, డాక్టర్ ఎన్నింటికి వెళ్లారు అన్నవి అందులో రాయాలి. ఒక సెప్టెంబరులో, డెంగీ కేసులతో మెడికల్ వార్డులన్నీ నిండిపోయి ఉన్నప్పుడు, పొద్దున్న రౌండ్స్‌కు ముందు ఆ పుస్తకం తిరగేశాను. ముందు రాత్రి పేజీలో వరసగా ఇలా ఉంది (లైన్ అంటే ఐవీ లైన్, అంటే సెలైన్, మందులు ఎక్కించడానికి చేతి సిరలో, వాడుకలో చెప్పే నరంలో, పెట్టే సన్నటి గొట్టం). "నాలుగో అంతస్తు, లైన్ అవుట్." "మూడో అంతస్తు, లైన్ దొరకడం లేదు." "ప్రైవేట్ రూమ్, చెయ్యి వాచింది, కొత్త లైన్ కావాలి." వాటి మధ్యలో ఒకటి: "నాలుగో అంతస్తు, బీపీ తగ్గింది." దానికి ఎదురుగా డాక్టర్ వెళ్లిన టైమ్ చూశాను. ఫోన్ వచ్చిన 40 నిమిషాలకు వెళ్లింది. ఆ 40 నిమిషాలూ ఆ డాక్టరమ్మాయి మూడో అంతస్తులో ఒక పేషెంట్ చెయ్యి పట్టుకుని నరం వెతుకుతూ కూర్చుంది.

నాలుగో అంతస్తు పేషెంట్ కోలుకుని ఇంటికి వెళ్లాడు. కానీ ఆ పేజీ నన్ను వదల్లేదు. డెంగీలో జ్వరం తగ్గుతున్నప్పుడే అసలు ప్రమాదం మొదలవుతుంది. రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, బయటికి కారిపోతుంది, పల్స్ ప్రెజర్, అంటే బీపీలో పై అంకెకూ కింది అంకెకూ ఉన్న తేడా, కుంచించుకుపోతుంది, ఇంట్లోవాళ్లు మాత్రం "జ్వరం తగ్గింది, ఇక ఫర్వాలేదు" అనుకుంటారు. ఆ సమయంలో డాక్టర్ మంచం పక్కన ఉండాలి. మా డాక్టర్‌ను మేము వేరే పనికి కట్టేశాం.

మాది హైదరాబాద్‌లో సుమారు 200 పడకల ప్రైవేటు ఆసుపత్రి. నేను ఫిజీషియన్‌ను, డ్యూటీ డాక్టర్ల రోస్టర్ కూడా నేనే చూస్తాను. ఐవీ లైన్ల కోసం మేము విడిగా ఒక నర్సుల టీమ్ ఎలా పెట్టుకున్నామో, ఎక్కడ తప్పటడుగు వేశామో, ఏం ఫలితం కనిపించిందో ఇందులో రాస్తున్నాను. ఇలాంటి ఆలోచనలో ఉన్న ఆసుపత్రులకు పనికొస్తుందని నా ఆశ.

ముందు ఎలా జరిగేది

వార్డు నర్సు మొదట ప్రయత్నిస్తుంది. దొరక్కపోతే ఇన్‌ఛార్జ్ సిస్టర్ వస్తారు. ఆవిడకూ దొరక్కపోతే డ్యూటీ డాక్టర్‌కు ఫోన్. అక్కడా కుదరకపోతే అనస్థీషియా వాళ్లను బతిమాలాలి, వాళ్లు ఆపరేషన్ థియేటర్‌లో ఉంటే పొద్దుటిదాకా ఆగాలి. ఈ మెట్లన్నీ ఎక్కేసరికి రెండు చేతుల మీదా మంచి నరాలన్నీ అయిపోయి ఉంటాయి. గుచ్చిన చోటల్లా నల్లగా కమిలి ఉంటుంది. డాక్టర్ చేతికి వచ్చేది మిగిలిపోయిన చెయ్యే.

పైగా డాక్టర్‌కు ఈ పని ఎక్కువ వచ్చని అనుకోవడమే పొరపాటు. మా డ్యూటీ డాక్టర్లలో చాలామంది ఎంబీబీఎస్ ముగించి నీట్ పీజీకి చదువుకుంటూ రాత్రి 8 నుంచి పొద్దున్న 8 దాకా డ్యూటీ చేసేవాళ్లు. హౌస్ సర్జన్సీలో లైన్లు పెట్టడం నేర్చుకుని ఉంటారు. కానీ రోజుకు పది లైన్లు పెట్టే నర్సు వేళ్లకు తెలిసినంత వాళ్ల వేళ్లకు తెలియదు. నర్సుకు దొరకని నరం డాక్టర్‌కు దొరకాలనడం హోదాను బట్టి వచ్చిన అలవాటే.

నేను హౌస్ సర్జన్సీ చేసింది ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో. అక్కడ పొద్దున్నే శాంపిళ్లు తీయడం, లైన్లు పెట్టడం, రిపోర్టుల కోసం ల్యాబ్‌కు పరిగెత్తడంతోనే సగం రోజు గడిచిపోయేది. పేషెంట్‌కు ఏ జబ్బు, ఏ మందు ఎందుకు రాశారు అన్నది ఆలోచించే తీరిక సాయంత్రానికి గానీ దొరికేది కాదు. అప్పటికి ఒళ్లు సహకరించేది కాదు. రెసిడెంట్ డాక్టర్ల పని వారానికి 48 గంటలు, ఒక్క విడతలో 12 గంటలు మించకూడదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే రెసిడెన్సీ స్కీమ్‌లో చెప్పింది. 2024లో నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటొద్దని సిఫారసు చేసింది. గంటల మీద చర్చ జరగాల్సిందే. ఆ గంటల్లో డాక్టర్ చేత మనం ఏం చేయిస్తున్నామన్న దాని మీద కూడా అంతే చర్చ జరగాలని నా వాదన.

ఐవీ టీమ్ అన్నది కొత్త ఆలోచనేమీ కాదు. 1940లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఏడా ప్లమర్ అనే నర్సుకు ఈ పని విడిగా అప్పగించారు. అంతవరకూ సిరలోకి సూది వేయడం డాక్టర్లే చేయాల్సిన పని. ఎనభై ఏళ్లు దాటాక కూడా మన దగ్గర లైన్ అంటే "ఎవరో ఒకరు పెట్టేస్తారులే" అన్నట్టే ఉంది.

టీమ్ ఎలా కూర్చాం

మేనేజ్‌మెంట్ మొదటి ప్రశ్న న్యాయమైనదే. "వార్డుల్లోనే నర్సులు చాలడం లేదు, నలుగురిని లైన్లకే పెడితే ఎలా?" జవాబు కోసం స్టోర్స్‌కు వెళ్లాను. ఒక వార్డుకు నెలలో ఇచ్చిన క్యాన్యులాలు (లైన్ పెట్టే సూది, దాని మీది ప్లాస్టిక్ గొట్టం) ఎన్ని, ఆ నెలలో అక్కడ చేరిన పేషెంట్లెంతమంది అన్న రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించాను. పేషెంట్ల కంటే క్యాన్యులాలు ఎన్నో రెట్లు ఎక్కువ ఖర్చయ్యాయి. ఆ తేడాలో సగం గుచ్చి పారేసినవి, సగం రెండో రోజుకే పాడైనవి. ఒక్కో పోటుకూ ఒక స్వాబ్, ఒక ప్లాస్టర్, ఒక ఫ్లష్, ఇద్దరు మనుషుల టైమ్. ఆ కాగితం చూశాక ఆరు నెలల పాటు చేసి చూడమన్నారు.

నలుగురినీ సీనియారిటీ చూసి తీసుకోలేదు. ప్రతి వార్డుకూ వెళ్లి ఒక్కటే అడిగాను. "మీ అమ్మకు లైన్ పెట్టాలంటే ఎవరిని పిలుస్తారు?" తిరిగి తిరిగి అవే పేర్లు వచ్చాయి. ఒకరు డయాలసిస్ యూనిట్‌లో పదేళ్లు చేసిన ఖమ్మం వైపు సిస్టర్, ఆవిడే టీమ్ లీడ్ అయ్యారు. ఇంకొకరు కీమోథెరపీ డే కేర్ నుంచి వచ్చిన మలయాళీ సిస్టర్. కీమో పేషెంట్ల నరాలతో పని చేసినవాళ్లకు ఓపిక, మెళకువ రెండూ ఉంటాయి.

కంటికి కనిపించని లోతైన సిరలను వెతకడానికి అల్ట్రాసౌండ్ నేర్పింది మా అనస్థీషియా డాక్టర్. చికెన్ బ్రెస్ట్ ముక్కలో నీళ్లు నింపిన సన్నటి రబ్బరు గొట్టం దూర్చి, దాన్ని ప్రోబ్‌తో (చర్మం మీద ఆనించే అల్ట్రాసౌండ్ పరికరంతో) వెతికి సూది గుచ్చడం సాధన చేయించారు. తెర మీద సిర నల్లటి గుండ్రంలా కనిపిస్తుంది, ప్రోబ్‌తో మెల్లగా నొక్కితే మూసుకుపోతుంది. ధమని అంత సులువుగా మూసుకోదు, కొట్టుకుంటూ ఉంటుంది. ఈ తేడా కళ్లకు అలవాటయ్యాక, సూది మొనను ఒక తెల్లటి చుక్కగా పట్టుకుని దాని వెంటే ప్రోబ్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ పోవడం నేర్చుకోవాలి. కష్టమంతా అక్కడే. ఇద్దరికి మూడు వారాల్లో పట్టుబడింది, మిగతా ఇద్దరికి ఇంకాస్త పట్టింది. లోతైన సిరలకు మామూలు క్యాన్యులా సరిపోదు. చర్మం నుంచి సిర దాకా వెళ్లడానికే దాని పొడవంతా అయిపోతే లోపల మిగిలేది కొంచెమే, చెయ్యి కదిలితే జారిపోతుంది. అందుకని పొడవు క్యాన్యులాలు తెప్పించాం.

ఒక మంచం దగ్గర

టీమ్ మొదలైన రెండో వారంలో, మధ్యాహ్నం మూడింటికి, లీడ్ సిస్టర్‌తో పాటు నేను వెళ్లిన కేసు ఇది. అరవై దాటిన పెద్దావిడ, షుగర్, కిడ్నీలు సగానికి పైగా దెబ్బతిన్నాయి, యూరిన్ ఇన్ఫెక్షన్‌తో వచ్చారు. యాంటీబయాటిక్ డోసు టైమ్ దాటిపోయింది. అప్పటికే నాలుగు చోట్ల గుచ్చి ఉన్నారు. సిస్టర్ ట్రాలీ చూడగానే ఆవిడ చెయ్యి దుప్పటిలోకి లాక్కున్నారు.

"ఇంకెన్నిసార్లు గుచ్చుతరు బిడ్డా?"

సిస్టర్ సూది తీయలేదు. స్టూల్ లాక్కుని కూర్చుని, "ఒక్కసారే అమ్మా. అదీ నరం కనిపించినాకనే. కనిపించకపోతే గుచ్చను" అన్నారు. మంచం ఎత్తు పెంచి, చెయ్యి కిందికి వేలాడేయించారు. వేడి నీళ్లలో పిండిన టవల్ ముంజేతికి చుట్టి అయిదు నిమిషాలు ఆగారు. ఆ అయిదు నిమిషాల్లో ఆవిడ కొడుకును ఒక మాట అడిగారు, "అమ్మకు రేపు డయాలసిస్ అవసరం పడొచ్చని డాక్టర్లు ఏమైనా చెప్పారా?" అతను అవునన్నాడు.

ఆ ప్రశ్న విలువ నాకు అప్పుడు తెలిసొచ్చింది. కిడ్నీ జబ్బు ముదురుతున్న మనిషికి ముంజేతి సిరలు ఫిస్టులా కోసం, అంటే డయాలసిస్‌కు సిరను ధమనితో కలిపి చేసే దారి కోసం, దాచిపెట్టాలి. అవి పాడైతే రేపు డయాలసిస్‌కు దారి ఉండదు. మేము తొందరలో వాటినే గుచ్చుతున్నాం. సిస్టర్ ముంజేయి వదిలేసి, ఎక్కువ వాడని చేతి వెనక భాగంలో వెతికారు. కళ్లకు ఏమీ కనిపించలేదు. చూపుడు వేలితో నొక్కి వదులుతూ, స్పాంజిలా తిరిగి పైకి లేచే చోటు కోసం చాలాసేపు తడిమారు. దొరికాక క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచి, 30 సెకన్లు ఆరనిచ్చారు. ఆ ఆరడం ముఖ్యం. తడి మీదే గుచ్చితే మందు పని చేయదు, మంట కూడా. 22 సైజు బ్లూ క్యాన్యులా, చర్మానికి దాదాపు ఆనించినట్టు తక్కువ కోణంలో. క్యాన్యులా వెనక ఉండే చిన్న అరలో రక్తం కనిపించగానే సూది ఇంకొక్క పిసరు ముందుకు జరిపి, అప్పుడు ప్లాస్టిక్ గొట్టాన్ని దాని మీంచి లోపలికి జార్చారు. రక్తం కనిపించగానే ఆగిపోయి గొట్టం తోస్తే అది సిర గోడకు తగిలి వంకరపోతుంది. మా దగ్గర పోయిన లైన్లలో ఎన్నో అక్కడే పోయేవి.

"అయిపోయిందా?" అన్నారు పెద్దావిడ.

తర్వాత సిస్టర్ పారదర్శకమైన డ్రెస్సింగ్ వేసి, దాని అంచున తేదీ, టైమ్, తన ఇనీషియల్స్ రాశారు. కేస్ షీట్ మీద ఎర్ర పెన్నుతో "ముంజేతి సిరలు వాడొద్దు, రెండు చేతులూ" అని రాసి నా సంతకం తీసుకున్నారు. మొత్తం 25 నిమిషాలు. రాత్రి రెండింటికి, నాలుగు ఫోన్లు మోగుతుండగా, ఏ డ్యూటీ డాక్టర్ ఈ 25 నిమిషాలు ఇవ్వగలరు?

మేము చేసిన తప్పు

మొదటి నెలలో లైన్ అంటే చాలు టీమ్‌కే ఫోన్. ఇరవై రెండేళ్ల కుర్రాడికి, చేతి మీద తాళ్లలా నరాలున్నవాడికి కూడా టీమే రావాలి. టీమ్ వాళ్లకు భోజనానికి కూర్చునే తీరిక లేకుండా పోయింది. అసలు కష్టమైన కేసులు వరసలో ఆగి, టీమ్ రాలేదని మళ్లీ డ్యూటీ డాక్టర్‌కే ఫోన్లు వెళ్లాయి. అంతకంటే నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. కొత్తగా చేరిన వార్డు నర్సు ఒకమ్మాయి, "మేడమ్, నేను వచ్చిన్నుంచి ఒక్క లైన్ కూడా పెట్టలేదు, రేపు ఎమర్జెన్సీలో వేస్తే నాకు చేతులు వణుకుతాయి" అంది. నిజమే. ఒకరి భారం దించబోయి ఇంకొకరి విద్య లాగేసుకున్నాం.

అప్పుడు నియమాలు మార్చాం. నరం కనిపిస్తున్నా, తగులుతున్నా వార్డు నర్సే పెట్టాలి. ఒక్కొక్కరికి రెండు ప్రయత్నాలు, అంతే. ఇన్ఫ్యూజన్ నర్సెస్ సొసైటీ (ఐవీ పని చేసే నర్సుల సంఘం) ప్రమాణాలు కూడా ఒక మనిషి రెండుసార్లకు మించి గుచ్చొద్దనే చెబుతాయి. చూడగానే కష్టమని తెలిసిన చేతులు కొన్ని ఉంటాయి: కీమో అయినవాళ్లు, డయాలసిస్ వాళ్లు, బాగా లావున్నవాళ్లు, ఒళ్లంతా నీరు పట్టినవాళ్లు, "నాకు ఎప్పుడూ నరం దొరకదు" అని ముందే చెప్పే పేషెంట్లు. వాళ్లను ఒక్కసారి కూడా గుచ్చకుండా నేరుగా టీమ్‌ను పిలవాలి. పేషెంట్ చెప్పే ఆ మాటను మేము ఇదివరకు పట్టించుకునేవాళ్లం కాదు, ఇప్పుడు అడ్మిషన్ ఫారంలోనే అడుగుతున్నాం. కొత్త నర్సులు ప్రతి ఒక్కరూ ఒక వారం టీమ్ వెంట తిరగాలి. ఫోన్లు అదుపులోకి వచ్చింది ఈ మార్పు తర్వాతే.

పెట్టడం కంటే చూసుకోవడం

ఈ కేసులో నేను నేర్చుకున్న అసలు సంగతి ఇక్కడుంది. టీమ్ అంటే గుచ్చడానికి వచ్చే మనుషులని మొదట అనుకున్నాను. లీడ్ సిస్టర్ ఒక రోజు, "మేడమ్, పిలిస్తే వెళ్లి పెట్టడం కాదు, పిలవకముందే వెళ్లి చూస్తాం, ఒప్పుకోండి" అన్నారు. రోజుకు రెండుసార్లు, వార్డుల్లో లైన్ ఉన్న ప్రతి చెయ్యీ చూస్తామన్నారు.

మొదటి రౌండ్‌లోనే తెలిసింది. లైన్ల మీద మైక్రోపోర్ ప్లాస్టర్ చుట్టలు చుట్టలుగా వేసి ఉంది, కింద ఏముందో కనిపించదు. ఒకాయన చేతి మీద ప్లాస్టర్ విప్పితే సిర వెంట ఎర్రటి చార మోచేతి దాకా పాకి ఉంది. రెండు రోజులుగా "సలుపుతోంది" అంటున్నాడట, సెలైన్ ఎక్కుతోంది కదా అని ఎవరూ విప్పి చూడలేదు. ఆ రోజు నుంచి గుడ్డ ప్లాస్టర్ మానేసి పారదర్శక డ్రెస్సింగే వాడుతున్నాం. దాని ధర ఎక్కువని పర్చేజ్ విభాగం అడ్డుపడింది, ఆ చెయ్యి ఫొటో చూపించాక ఒప్పుకుంది.

ఫ్లెబైటిస్‌ను, అంటే సిర వాపును, గుర్తించడానికి విప్ స్కోర్ అనే కొలత వాడతాం, సున్నా నుంచి 5 దాకా. నొప్పి, ఎరుపు, వాపులో ఏ రెండున్నా స్కోర్ 2, లైన్ తీసేయాలి. ఇక ఎన్ని రోజులకు మార్చాలన్న ప్రశ్న. మూడు రోజులు కాగానే బాగున్న లైన్‌ను కూడా పీకేసి కొత్తది పెట్టడం మాకు అలవాటు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ ఆసుపత్రుల్లో 3,283 మంది మీద చేసిన ట్రయల్ 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మూడు రోజులకోసారి మార్చినవాళ్లలోనూ, అవసరమైనప్పుడే మార్చినవాళ్లలోనూ ఫ్లెబైటిస్ 7 శాతమే. కాబట్టి బాగున్న లైన్‌ను ఉంచొచ్చు. అయితే అలా ఉంచాలంటే రోజూ చూసేవాళ్లుండాలి. చూసేవాళ్లు లేనిచోట ఈ ఫలితాన్ని పట్టుకుని లైన్లను వదిలేయడం ప్రమాదం.

రౌండ్‌లో సిస్టర్లు అడిగే రెండో ప్రశ్న డాక్టర్లకు. "ఈ లైన్ ఇంకా ఎందుకు?" చాలాసార్లు జవాబుండేది కాదు. పేషెంట్ ఇడ్లీ తింటున్నాడు, నడుస్తున్నాడు, యాంటీబయాటిక్ మాత్రలకు మార్చొచ్చు, అయినా లైన్ "ఉండనీలే" అని ఉంది. అలాంటివి తీసేయడం మొదలయ్యాక పాడయ్యే లైన్లూ తగ్గాయి, రాత్రి ఫోన్లూ తగ్గాయి. పొటాషియం క్లోరైడ్, వాంకోమైసిన్ లాంటి సిరను మండించే మందులు ఎంత పలచన చేయాలి, ఎంత నెమ్మదిగా ఎక్కించాలి అన్న కార్డు ప్రతి ట్రాలీకీ కట్టాం. నా అంచనాలో డాక్టర్ల భారం తగ్గించడంలో పెద్ద వాటా ఈ రౌండ్లదే. కొత్త లైన్లు బాగా పెట్టడం వల్ల వచ్చిన లాభం దాని తర్వాతే.

డాక్టర్ల వైపు నుంచి

టీమ్ స్థిరపడ్డాక డ్యూటీ గది నోట్‌బుక్‌లో రాత్రి పేజీల రూపం మారింది. లైన్ కోసం ఫోన్ ఇప్పటికీ వస్తుంది, కానీ పేజీ నిండా అవే ఉండవు. రాత్రి 11 గంటలకు డ్యూటీ డాక్టర్, వార్డు ఇన్‌ఛార్జ్ కలిసి తిరిగే చిన్న రౌండ్ పెట్టగలిగాం. ఇదివరకు కాగితం మీదే ఉండేది అది. ఒక రోజు పొద్దున్న మా డ్యూటీ డాక్టర్ అంది, "మేడమ్, నిన్న రాత్రి కొత్త అడ్మిషన్ కేస్ షీట్లన్నీ పూర్తిగా చదివాను. ఒకాయన బ్లడ్ థిన్నర్ వాడుతున్నాడని పాత చీటీలో ఉంది, ఇంజెక్షన్ ఆర్డర్ ఆపించాను." ఆ పాత చీటీ ముందు రాత్రుల్లో కూడా ఫైళ్లలో ఉండేదే. చదివే తీరిక ఉండేది కాదు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఇలాంటి టీమ్‌ల మీద 2018లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించేది), ప్రమాణాలకు తగిన పూర్తయిన ర్యాండమైజ్డ్ ట్రయల్, అంటే పేషెంట్లను చీటీ వేసినట్టు గుంపులుగా పంచి పోల్చే పరీక్ష, ఒక్కటీ దొరకలేదని రాసింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2011 మార్గదర్శకాలు మాత్రం శిక్షణ పొందిన ఐవీ టీమ్‌లు ఇన్ఫెక్షన్లు తగ్గిస్తాయని చెబుతాయి. మాది ఒక ఆసుపత్రి అనుభవం, అంతే. కానీ ట్రయల్ వచ్చేదాకా ఆగి, డెంగీ రాత్రుల్లో డాక్టర్‌ను నరాలు వెతకడానికి పంపుతూ ఉండడం నాకు సమ్మతం కాదు.

హద్దులు కూడా ముందే గీసుకున్నాం. గుండె దగ్గరి పెద్ద సిర దాకా వెళ్లే సెంట్రల్ లైన్ డాక్టర్ పనే. బీపీ పడిపోయి షాక్‌లో ఉన్న పేషెంట్‌కు టీమ్ కోసం ఎదురుచూడకూడదు, దగ్గరున్నవాళ్లు వెంటనే పెట్టాలి. బీపీ పెంచే నోర్‌అడ్రినలిన్ మందును చేతి లైన్‌లో ఎంతసేపు నడపొచ్చన్నది డాక్టరే నిర్ణయించి కేస్ షీట్‌లో రాయాలి, సిస్టర్ మీదకు నెట్టకూడదు.

ఇంకా తీరనివి ఉన్నాయి. నలుగురితో మూడు షిఫ్టులు నడవడం కష్టం. ఎవరైనా సెలవు పెడితే రాత్రికి మనిషి ఉండరు, ఆ రాత్రి పాత పద్ధతే. ఇంకో ఇద్దరిని అడిగాను, ఒకరికి ఒప్పుకున్నారు. పిల్లల వార్డు వాళ్లు తమకూ టీమ్ కావాలంటున్నారు. లీడ్ సిస్టర్ వెంటనే సరే అనలేదు. 24 సైజు ఎల్లో క్యాన్యులాతో పసిపిల్లల చెయ్యి వేరే విద్య అని, ముందు ఎన్‌ఐసీయూలో (పుట్టిన పసికందుల ఐసీయూలో) రెండు నెలలు పని చేసి వస్తానని అడిగారు. వచ్చే ఒకటో తారీఖు నుంచి ఆవిడ డ్యూటీ అక్కడే.